ఆరో తీగ గొంతు ఎక్కడ పోయింది: ఒక అకౌస్టిక్ గిటారు పికప్ కేసు

మాస్టారు గిటారు పెట్టెను నా రిపేరు బల్ల మీద ఉంచి, మూత తీయకముందే తీర్పు చెప్పేశారు. "బాబూ, పికప్ పోయింది. కొత్తది వేసెయ్."

పికప్ అంటే తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగం. అది పోయిందని ఎలా తెలిసిందని అడిగాను. చేయాల్సినవన్నీ తాను చేసి చూశానన్నారు. కేబుల్ మార్చారు, బ్యాటరీ మార్చారు, వేరే యాంప్లిఫయర్‌కు తగిలించి చూశారు. ఇక మిగిలింది పికప్ ఒక్కటే కాబట్టి తప్పు దానిదే. ఇలా ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ పోవడం మంచి పద్ధతే. కానీ కేబుల్‌కూ పికప్‌కూ మధ్య గిటారు లోపల ఇంకా చాలా ఉంది. కేబుల్ దూర్చే జాక్ ఉంది, జాక్ వైర్లున్నాయి, పికప్ సంకేతాన్ని పెంచే ప్రీయాంప్ ఉంది, దానికీ పికప్‌కూ మధ్య చిన్న ప్లగ్గు ఉంది. బయటికి కనబడవు కాబట్టి లెక్కలోకి రావు. ఈ గిటారులో ఉన్న లోపాలన్నీ ఆ కనబడని చోట్లలోనే ఉన్నాయి. పికప్ మాత్రం చివరిదాకా నిక్షేపంగా ఉంది.

ఆయన గిటారు పాఠాలు చెబుతారు, గాయకుల పక్కన వాయిస్తారు. వాద్యం పెద్ద బొజ్జ ఉన్న డ్రెడ్‌నాట్ రకం. తీగలు ఆనే సన్నని పలక, అంటే శాడిల్, దాని కింద పియెజో పట్టీ (నొక్కితే విద్యుత్తు పుట్టే పికప్), పక్క చెక్కలో స్లైడర్లున్న ప్రీయాంప్, అందులోనే 9 వోల్టుల బ్యాటరీ, అడుగున భుజం పట్టా తగిలించే పిన్‌లోనే అమర్చిన జాక్. పియెజో పికప్ ఉన్న గిటార్లలో ఇది అతి మామూలు అమరిక. అందుకే ఈ కేసును ఇంత వివరంగా రాస్తున్నాను.

ఫిర్యాదులను ఆయన మాటల్లోనే పుస్తకంలో రాసుకున్నాను. నా భాషలోకి మార్చి రాస్తే అందులో నా ఊహ కలిసిపోతుంది. "గుయ్యిమని హోరు వస్తోంది." "వాయిస్తుంటే ఠప్పుమని ఆగిపోతుంది, మళ్లీ వస్తుంది." "బ్యాటరీ పట్టుమని పది రోజులు రావడం లేదు." "గొంతు పీలగా అయింది, లావు తీగలు మోగుతున్నట్టే లేదు." చివరగా, ఇంతకుముందు ఎవరైనా దీన్ని విప్పారా అని అడిగాను. ఎవరూ విప్పలేదని, జాక్ వదులైతే ఒకటి రెండుసార్లు తానే బయటి నుంచి బిగించానని చెప్పారు. ఆ చివరి మాట కింద గీత గీసుకున్నాను.

మీటరు చెప్పిన మొదటి నిజం

ఏ గిటారునైనా నేను ముందు బయటి నుంచే చూస్తాను. నాకు నమ్మకమున్న కేబుల్, నమ్మకమున్న యాంప్లిఫయర్ తగిలించి, ప్రీయాంప్ స్లైడర్లన్నీ మధ్యలో పెట్టి విన్నాను. హోరు ఉంది. జాక్ లోహపు అంచును వేలితో తాకితే తగ్గింది, వేలు తీస్తే పెరిగింది. తీగలను తాకితే మాత్రం ఏ మార్పూ లేదు. ఎలక్ట్రిక్ గిటారుకు అలవాటు పడినవాళ్లు ఇక్కడ పొరబడుతుంటారు. అందులో తీగలు ఎర్త్‌కు కలిసి ఉంటాయి కాబట్టి తాకగానే హోరు తగ్గుతుంది. చాలా అకౌస్టిక్ గిటార్లలో తీగలకు ఏ వైరూ ఉండదు, అందువల్ల తీగను తాకి చేసే పరీక్ష వీటికి పనికిరాదు. జాక్ లోహాన్నే తాకి చూడాలి. ఒక హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పాలి. గిటారునో మైకునో తాకినప్పుడు చేతికి జివ్వుమని షాక్ తగిలితే అది పికప్ సమస్య కాదు. కరెంటు ఎర్తింగ్‌లోనో, యాంప్లిఫయర్‌లోనో ప్రమాదకరమైన లోపం ఉన్నట్టు. వెంటనే ఆపేయాలి, అది సరిచేయించేదాకా ఆ గిటారు వాయించకూడదు.

తర్వాత కేబుల్ ప్లగ్గును జాక్‌లో మెల్లగా అటూ ఇటూ తిప్పాను. ప్లగ్గుతోపాటు జాక్ మొత్తం తిరిగింది. ఒకచోట ఠప్పుమని శబ్దం ఆగిపోయింది.

ఈ జాక్ గురించి కొంచెం చెప్పాలి. గిటారుకు తగిలించే కేబుల్ మోనో, లోపలి జాక్ మాత్రం స్టీరియో. దానికి మూడు కాళ్లుంటాయి. ఒకటి శబ్దానికి, ఒకటి ఎర్త్‌కు. మూడోదానికి, అంటే రింగ్ కాలికి, బ్యాటరీ నెగెటివ్ వైరు వస్తుంది. మోనో ప్లగ్గు లోపలికి వెళ్లినప్పుడు దాని పొడవాటి లోహభాగం రింగ్‌నూ ఎర్త్‌నూ కలిపేస్తుంది. బ్యాటరీ వలయం పూర్తయి ప్రీయాంప్ మేలుకుంటుంది. ప్లగ్గు తీస్తే నిద్రపోతుంది. స్విచ్ పని చేసేది ప్లగ్గే. అందుకే వాయించడం అయ్యాక కేబుల్‌ను గిటారులోనే వదిలేస్తే రాత్రంతా బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది.

మాస్టారికి ఆ అలవాటు లేదు, వాయించగానే కేబుల్ తీసేస్తారట. అలాంటప్పుడు బ్యాటరీ ఎందుకు అయిపోతోంది? దీనికి ఊహ అక్కర్లేదు, మీటరే చెబుతుంది. బ్యాటరీ క్లిప్పును కొంచెం పక్కకు తిప్పి ఒక బొడిపెకే తగిలించి, రెండో బొడిపెకూ క్లిప్పుకూ మధ్య మీటరును మిల్లీయాంపియర్ల పరిధిలో పెట్టాను. ప్లగ్గు పెట్టినప్పుడు 2 మిల్లీయాంపియర్లు. ఇలాంటి ప్రీయాంప్‌కు అది సహజమే. ప్లగ్గు తీశాను. సున్నాకు పడాలి, పడలేదు. అదే 2.

9 వోల్టుల ఆల్కలైన్ బ్యాటరీలో సుమారు 500 మిల్లీయాంపియర్ గంటల సత్తా ఉంటుంది. 2తో భాగిస్తే 250 గంటలు, అంటే పది రోజుల పైచిలుకు. ఆయన చెప్పిన పది రోజుల లెక్క అక్షరాలా సరిపోయింది. ఆ పాత బ్యాటరీల తప్పేమీ లేదు. పెట్టెలో పడుకోబెట్టిన గిటారు రాత్రీ పగలూ వాటిని తాగుతూనే ఉంది.

మీటరు అలాగే ఉంచి, గిటారు ముందున్న గుండ్రటి రంధ్రం, అంటే సౌండ్‌హోల్‌లోంచి చేయి పెట్టి జాక్ వైర్లను కదిపాను. ఒక భంగిమలో 2 మిల్లీయాంపియర్లు కాస్తా సున్నా అయింది. సరిగ్గా అదే భంగిమలో, ఇందాక యాంప్లిఫయర్‌లో ఠప్పుమని శబ్దం ఆగింది. బ్యాటరీ కరెంటు తిరిగి వెళ్లే దారీ, శబ్దానికి ఎర్త్ దారీ ఒకటే కాబట్టి ఆ వైరు తెగితే రెండూ కలిసి పోతాయి.

జాక్‌ను విప్పి బయటికి లాగాక చూడటానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. వైర్లు తాడు పేనినట్టు మెలిపడి ఉన్నాయి. హోరు దూరకుండా వైరు చుట్టూ ఉండే షీల్డు జాలిలో రెండు మూడు పోగులే ఎర్త్ కాలికి అంటుకుని ఉన్నాయి, మిగతావి తెగి విడిపోయాయి. ఆ మెలికలో రింగ్ కాలు వంగి ఎర్త్ కాలిని తాకుతోంది. ప్లగ్గు లేకపోయినా స్విచ్ వేసి ఉన్నట్టే.

కారణం మాస్టారు చెప్పిన ఆ చివరి మాటలోనే ఉంది. జాక్ వదులైతే బయటి నుంచి నట్టు తిప్పి బిగించారు. లోపల పట్టుకునే చేయి లేకపోతే నట్టుతోపాటు జాక్ కూడా తిరుగుతుంది, దాని వెంట వైర్లు మెలిపడతాయి. ఈ రకం జాక్ బయటి మరలో, పట్టా బిళ్ల విప్పగానే కనబడే చోట, అడ్డంగా ఒక చిన్న రంధ్రం ఉంటుంది. అందులో సన్నని ఎలెన్ కీ దూర్చి జాక్ కదలకుండా పట్టుకుని, అప్పుడు నట్టు తిప్పాలి. ఆ రంధ్రం ఉన్నది ఇందుకేనని చాలామందికి తెలియదు. గిటారు వాయించే ప్రతివారికీ ఈ ఒక్క సంగతి ఎవరైనా చెప్పి ఉంటే నా బల్ల మీదికి వచ్చే జాక్‌లలో చాలా భాగం రాకుండా పోయేవి.

కొత్త జాక్ వేశాను. పాతది వంచి సరిచేయవచ్చు, కానీ ఒకసారి వంగి అలిసిన లోహాన్ని మళ్లీ వంచి నమ్మడం నాకు ఇష్టం ఉండదు. వైర్లను తాజా రాగి కనబడేదాకా కత్తిరించి టంకం వేసి, మూడు కాళ్లకూ విడివిడిగా, వేడి చేస్తే బిగుసుకునే హీట్‌ష్రింక్ గొట్టాలు తొడిగాను. ప్లగ్గు పెడితే 2 మిల్లీయాంపియర్లు, తీస్తే సున్నా. ఎంత కదిపినా శబ్దం ఆగలేదు. చెవులు చిల్లులు పడేలా వచ్చిన ఆ హోరూ లేదు.

నేను పొరబడిన చోటు

బల్ల మీదున్న చిన్న యాంప్లిఫయర్‌లో నాలుగు కార్డ్స్ వాయించి, బాగుందనుకుని, వచ్చి తీసుకెళ్లమని మాస్టారికి ఫోన్ చేశాను.

ఆయన వచ్చారు. వచ్చేటప్పుడు తాను రోజూ వాడే పెద్ద స్పీకరు కూడా తెచ్చుకున్నారు. కూర్చుని, అన్నిటికంటే లావైన ఆరో తీగను బొటనవేలితో ఒక్కసారి మీటి, తల అడ్డంగా ఊపారు. "హోరు పోయింది, సంతోషం. కానీ ఇది నా గిటారు గొంతు కాదు బాబూ."

నిజమే. నా బల్ల మీది యాంప్లిఫయర్ స్పీకరు అరచేయంత ఉంటుంది. ఆరో తీగ మూల స్వరం సుమారు 82 హెర్ట్జ్. అంత చిన్న స్పీకరు ఆ స్వరాన్ని సరిగా పలకలేదు. ఏ గిటారు వాయించినా అందులో లావు తీగలు పీలగానే వినిపిస్తాయి. నాలుగో ఫిర్యాదును పరీక్షించడానికి ఆ లోపాన్ని దాచిపెట్టే పరికరాన్నే వాడాను. పుస్తకంలో ఆయన మాటల్లో రాసుకున్న నాలుగు వాక్యాల్లో మూడింటికి సమాధానం దొరికేసరికి, నాలుగోది కూడా వాటితోపాటు పోయి ఉంటుందనుకున్నాను. తప్పు నాదే. ఆ రోజు నుంచి ప్రతి ఫిర్యాదుకూ విడిగా ఒక పరీక్ష చేసి, దాని పక్కన టిక్కు పెట్టాకే ఫోన్ చేస్తున్నాను.

ఆ పెద్ద స్పీకరులో ఇంకో సంగతీ బయటపడింది. పెద్ద హోరు పోయింది గానీ, సన్నటి హోరు ఒకటి మిగిలే ఉంది. జాక్ అంచు తాకితే అది తగ్గుతోంది. మొదటి రోజు ఇదే పరీక్ష చేసి, తప్పు జాక్ ఎర్త్‌లోనే ఉందని తేల్చేశాను. జాక్ బాగుచేశాక ఆ పరీక్ష మళ్లీ చేయలేదు. వేలు తాకగానే హోరు తగ్గడానికి అసలు అర్థం ఇది: చుట్టూ ఉన్న కరెంటు వైర్ల నుంచి మన ఒళ్లు 50 లేదా 60 హెర్ట్జ్ హోరును పట్టుకుంటుంది, గిటారుకు దగ్గరగా ఉండి దానికి అందిస్తుంది. జాక్ లోహాన్ని తాకితే ఒళ్లు ఎర్త్‌కు కలుస్తుంది కాబట్టి హోరు తగ్గుతుంది. అలా తగ్గిందంటే గిటారులో ఎక్కడో ఒకచోట షీల్డు కప్పని నాజూకైన భాగం ఉన్నట్టే. అది జాక్ దగ్గరే కావాలని లేదు.

అంటే పీల గొంతు, సన్నటి హోరు, రెండూ ఒకే చోటును చూపిస్తున్నాయి. అది పికప్‌కూ ప్రీయాంప్‌కూ మధ్య ఉన్న జాగా.

ప్రీయాంప్‌ను నిర్దోషిగా తేల్చడం

మాస్టారు మళ్లీ కొత్త పికప్ మాట ఎత్తారు. రెండు రోజులు ఆగమన్నాను.

దారిని మధ్యలో రెండుగా విడగొట్టి, ఏ సగంలో తప్పుందో తేల్చుకోవడం నాకు అలవాటు. ఇక్కడ ఆ మధ్య చోటు పికప్ వైరు చివరన ఉన్న 2.5 మిల్లీమీటర్ల చిన్న ప్లగ్గు. దాన్ని ప్రీయాంప్ నుంచి ఊడదీసి, ప్రీయాంప్‌కు పికప్ బదులు సిగ్నల్ జనరేటర్ నుంచి స్వరం ఇచ్చాను. నేరుగా ఇవ్వలేదు. మధ్యలో ఒక 1 నానోఫారాడ్ కెపాసిటర్ (విద్యుదావేశాన్ని నిలవ ఉంచే భాగం) పెట్టాను. ఆ చిన్న కెపాసిటర్ లేకపోతే ఈ పరీక్షకు విలువే లేదు. ఎందుకో చెప్పాలంటే పియెజో స్వభావం చెప్పాలి.

కొన్ని స్ఫటికాలను నొక్కితే వాటి మీద విద్యుదావేశం పుడుతుందని పియేర్ క్యూరీ, జాక్ క్యూరీ అనే అన్నదమ్ములు 1880లో కనిపెట్టారు. శాడిల్ కింద ఉన్న పట్టీ చేసే పని అదే. తీగ కంపిస్తుంటే శాడిల్ దాన్ని నొక్కుతూ వదులుతూ ఉంటుంది. విద్యుత్ లెక్కలో చూస్తే ఆ పట్టీ ఒక బుల్లి కెపాసిటర్. పుట్టే ఆవేశం చాలా కొద్ది, అది కారిపోకుండా ప్రీయాంప్‌కు చేరాలి. చిల్లు పడిన దోసిలితో నీళ్లు తెస్తున్నట్టు ఊహించుకోండి. గబగబా తెచ్చినవి చేరతాయి, నెమ్మదిగా తెచ్చినవి దారిలోనే కారిపోతాయి. వేగంగా కంపించే పైస్వరాలు దాటిపోతాయి, నెమ్మదిగా కంపించే మంద్రస్వరాలు కారిపోతాయి. అందుకే ఇలాంటి ప్రీయాంప్‌ల మొదటి రెసిస్టర్‌ను మెగాఓమ్‌లలో, అంటే పదేసి లక్షల ఓమ్‌లలో పెడతారు. జనరేటర్ నుంచి నేరుగా ఇస్తే దాని బలం వల్ల ఏ చిల్లూ బయటపడదు. కెపాసిటర్ ద్వారా ఇస్తే ప్రీయాంప్‌కు ఎదురుగా ఉన్నది పియెజో అన్నట్టే ఉంటుంది.

1000 హెర్ట్జ్ దగ్గరా, 80 హెర్ట్జ్ దగ్గరా ప్రీయాంప్ నుంచి వచ్చిన మట్టం కొలిచాను. రెండింటికీ తేడా 1 డెసిబెల్ కూడా లేదు. ప్రీయాంప్ మూత తీసి మొదటి రెసిస్టర్ చారలు చూశాను. పసుపు, ఊదా, ఆకుపచ్చ, అంటే 4.7 మెగాఓమ్‌లు. ప్రీయాంప్‌లో ఏ దోషమూ లేదు. తప్పు ప్లగ్గుకు ఇవతల, పికప్ వైపు సగంలోనే ఉంది.

ఒక మెగాఓమ్

ఇప్పుడు ఆ చిన్న ప్లగ్గు మొనకూ పక్కభాగానికీ మీటరు పెట్టాను. ఈ కొలతలో రెండు జాగ్రత్తలు పాటించకపోతే అంకెలు అబద్ధం చెబుతాయి. తీగలను గుడ్డతో కదలకుండా కట్టేయాలి, లేకపోతే పియెజోలో పుట్టే వోల్టేజీకి అంకెలు చిందులు వేస్తాయి. ప్రోబ్ మొనలను వేళ్లతో పట్టుకోకూడదు. మన ఒంటి రెసిస్టెన్స్ కూడా మెగాఓమ్‌ల స్థాయిలోనే ఉంటుంది కాబట్టి లేని లీకేజీ ఉన్నట్టు కనబడుతుంది. నేను మొసలి మూతి క్లిప్పులు తగిలించి చేతులు తీసేస్తాను.

ఆరోగ్యంగా ఉన్న పియెజో రెసిస్టెన్స్ పరిధిలో తెగిన వైరులా కనబడాలి. మీటరు ఓఎల్ చూపాలి, అంటే రెసిస్టెన్స్ మీటరు కొలవలేనంత ఎక్కువని. ఎలక్ట్రిక్ గిటారు మాగ్నెటిక్ పికప్‌కు ఇది తలకిందులు. అందులో తీగచుట్ట ఉంటుంది కాబట్టి కొన్ని కిలోఓమ్‌లు చూపాలి, ఓఎల్ వస్తే చుట్ట తెగినట్టు. పియెజోలో ఓఎల్ చూసి పికప్ చచ్చిందని తీసి పారేసినవాళ్లున్నారు. అది బతికి ఉందనడానికి కెపాసిటెన్స్ కొలత చూడాలి. ఇక్కడ వైరుతో కలిపి 800 పికోఫారాడ్లు వచ్చింది. మంచిదే. రెసిస్టెన్స్ మాత్రం ఓఎల్ కాదు. 1 మెగాఓమ్ దగ్గర ఊగుతోంది. ప్లగ్గు మీద నోటితో ఆవిరి ఊదితే ఇంకా కిందికి జారుతోంది.

ఒక మెగాఓమ్ అంటే వినడానికి చాలా పెద్ద సంఖ్య. మామూలు సర్క్యూట్‌లో దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ ఏం చేస్తుందో లెక్క వేద్దాం. మంద్రస్వరాలు తగ్గడం మొదలయ్యే హద్దు తెలియాలంటే రెసిస్టెన్స్‌నూ కెపాసిటెన్స్‌నూ గుణించి, దాన్ని 6.28తో గుణించి, వచ్చినదానితో 1ని భాగించాలి. 4.7 మెగాఓమ్‌లు, 800 పికోఫారాడ్లు అయితే హద్దు సుమారు 42 హెర్ట్జ్. గిటారులో అతి లావు తీగ 82 దగ్గర ఉంది కాబట్టి దానికి ఢోకా లేదు. దీనికి సమాంతరంగా 1 మెగాఓమ్ లీకేజీ చేరితే మొత్తం రెసిస్టెన్స్ 0.82 మెగాఓమ్‌కు పడిపోతుంది, హద్దు 240 హెర్ట్జ్‌కు ఎగబాకుతుంది. అంటే దాదాపు రెండో తీగ దాకా. ఆరో తీగ మూల స్వరం ఉండాల్సిన మట్టంలో మూడో వంతుకు కాస్త పైన, 9 డెసిబెల్స్ మేర పడిపోతుంది. ఆ తీగ పైస్వరాలు మాత్రం దాదాపు అలాగే ఉంటాయి. అందుకే తీగ మోగుతూనే ఉంటుంది, దాని ఒళ్లు మాత్రం కనబడదు. మాస్టారు అన్న పీల గొంతు ఇదే.

లీకేజీ పట్టీలో ఉందా, వైరులోనా, ప్లగ్గులోనా? ఆవిరి ఊదితే మారింది కాబట్టి ప్లగ్గు మీదే నా అనుమానం. ప్లాస్టిక్ తొడుగు తీసి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బ్రష్ పెట్టి కడిగి, బాగా ఆరనిచ్చాను. టంకం వేసినప్పుడు మిగిలిన గోధుమరంగు ఫ్లక్స్ జిగురు పోయింది. అంకె 1 నుంచి 1.1కి కదిలింది, అంతే. ఆవిరికి ఊగడం మాత్రం తగ్గింది.

భూతద్దం కింద పెట్టాక అసలు సంగతి కనబడింది. పికప్ నుంచి వచ్చే వైరు సన్నని కొయాక్సియల్ రకం. నడుమ ఒక పోగు, దాని చుట్టూ తెల్లటి ఇన్సులేషన్, ఆ పైన నల్లటి పొర, దాని మీద రాగి జాలి, అన్నిటి పైన తొడుగు. ఆ నల్ల పొర చూడటానికి ప్లాస్టిక్‌లాగే ఉంటుంది గానీ కరెంటును కొంత పారనిస్తుంది. దాన్ని కావాలనే వేస్తారు. వైరు కదిలినప్పుడు జాలికీ ఇన్సులేషన్‌కూ మధ్య రాపిడితో పుట్టే ఆవేశాన్ని అది హరించేస్తుంది. అది లేకపోతే గిటారు కదిలినప్పుడల్లా చరచర వినబడుతుంది. ఈ వైరును ప్లగ్గుకు టంకం వేసేటప్పుడు జాలిని వెనక్కి తీయడంతో సరిపోదు. ఆ నల్ల పొరను కూడా రెండు మూడు మిల్లీమీటర్లు ఒలిచి, తెల్లటి ఇన్సులేషన్ కనబడేలా చేయాలి.

ఇక్కడ ఎవరూ ఒలవలేదు. టంకం వేడికి ఇన్సులేషన్ కరిగి వెనక్కి ముడుచుకుంది, నల్ల పొర వెంట్రుకంత పీలికగా ముందుకు వచ్చి నడిమి పోగు టంకానికి అంటుకుంది. శబ్దం వచ్చే పోగుకూ ఎర్త్‌కూ మధ్య ఒక మెగాఓమ్ వంతెన అది. జాలిని ఒక పక్కకు పేని దూరంగా అతికించడం వల్ల ఒక సెంటీమీటరున్నర మేర నడిమి పోగుకు ఏ కప్పూ లేదు, పైన ఉన్నది ప్లాస్టిక్ తొడుగే. ఆ సన్నటి హోరు దూరిన కిటికీ కూడా అదే.

ఆ ప్లగ్గు ఫొటో తీసి మాస్టారికి పంపించాను. ఇది కార్ఖానా పని కాదు, ఎవరో చేత్తో వేసిన టంకం, గుర్తుకు వస్తుందేమో చూడమన్నాను. కాసేపటికి ఫోన్ చేశారు. ఏడాది కిందట తీగలు మార్పించినప్పుడు శబ్దం రాకుండా పోయిందట, శాడిల్ తీసినప్పుడు వైరు తెగిందని అక్కడే అతికించి ఇచ్చారట. అప్పుడు శబ్దం వచ్చింది కాబట్టి ఆయన మరిచిపోయారు. అతికించిన వ్యక్తిని నేను తప్పుపట్టలేను. చూడటానికి ఇన్సులేషన్‌లా ఉన్న పొర కరెంటును పారనిస్తుందని ఎవరూ చెప్పకపోతే ఎలా తెలుస్తుంది?

ప్లగ్గును కత్తిరించాను. వెంటనే, ఇంకేమీ చేయకముందే, వైరు చివర మీటరు పెట్టాను. ఓఎల్. పట్టీ బాగుంది, వైరు బాగుంది. ఆ క్షణం నిజంగా ఆనందం కలిగింది.

కొత్త ప్లగ్గు లోహపు తొడుగున్నది తీసుకున్నాను. నల్ల పొరను పదునైన బ్లేడుతో చుట్టూ తేలిగ్గా గీసి, మూడు మిల్లీమీటర్లు ఒలిచి, తెల్లటి ఇన్సులేషన్‌ను ఆల్కహాల్‌తో తుడిచాను. మసిలాంటి మరక మిగిలినా అది దారే అవుతుంది. ఇన్సులేషన్ వేడికి తట్టుకోదు కాబట్టి పోగుకూ ప్లగ్గుకూ ముందే విడివిడిగా టంకం పూసి, సన్నటి మొనతో ఒక సెకనులో కలిపేశాను. జాలిని చుట్టూ పరిచి, ప్లగ్గు మెడ దాకా తీసుకెళ్లాను. మళ్లీ ఓఎల్, మళ్లీ 800 పికోఫారాడ్లు. ఆవిరి ఊదినా కదలలేదు.

ఈసారి పెద్ద స్పీకరులోనే విన్నాను. ఆరో తీగ మీటితే బల్ల మీది స్క్రూలు అదిరాయి. జాక్ తాకినా వదిలినా హోరులో తేడా తెలియడం లేదు.

గొంతు తిరిగి వచ్చాక బయటపడినది

ప్లగ్గు సంగతి తేలాక రెండో తీగ మిగతావాటికంటే మెల్లగా ఉన్నట్టు అనిపించింది. అంతకుముందు మొత్తం గొంతే పీలగా ఉండటంతో ఇది చెవికి ఆనలేదు. శాడిల్ తీసి, పట్టీ మీద ఆరు తీగల చోట్లా పెన్సిల్ వెనకున్న రబ్బరుతో సమానంగా తట్టి చూశాను. ఆరు చోట్లా ఒకే మట్టం వచ్చింది. పట్టీ తప్పు కాదు. శాడిల్ అడుగును ఉక్కు స్కేలు అంచుకు ఆనించి వెలుతురుకు ఎత్తితే రెండో తీగ కింద సన్నటి వెలుగు గీత కనబడింది. అక్కడ శాడిల్ పట్టీని సరిగా నొక్కడం లేదు. గాజుపలక మీద 320 నంబరు గరుకు కాగితం పరిచి, శాడిల్‌ను నిటారుగా పట్టుకుని, ఆ వెలుగు గీత పోయేదాకా అరగదీశాను. 0.2 మిల్లీమీటర్లు పోయింది. పన్నెండో ఫ్రెట్ (మెట్టు) దగ్గర తీగ ఎత్తు అందులో సగమే, అంటే 0.1 మిల్లీమీటర్లే దిగుతుంది కాబట్టి వాయించే చేతికి తేడా తెలియదు. గాడిలోని చెక్క పొడిని మెత్తటి బ్రష్‌తో తీసేసి మళ్లీ అమర్చాను. శాడిల్ వేళ్లతో నొక్కితే దిగేంత వదులుగా ఉండాలి. సుత్తితో కొట్టి దింపిన శాడిల్ గాడి గోడలకు పట్టుకుని వేలాడుతుందే గానీ, పట్టీ మీద బరువు పెట్టదు.

మాస్టారు వచ్చి అరగంట వాయించారు. స్లైడర్లు చూసి, బాస్ స్లైడర్ మధ్యలో ఉందేమిటని అడిగారు. ఏడాదిగా దాన్ని పూర్తిగా పైకి తోసి వాయిస్తున్నారట. ఇక అక్కర్లేదన్నాను. ఆయన ఆరో తీగను మళ్లీ మీటి, అది పూర్తిగా ఆగేదాకా వేలు వేయకుండా కూర్చున్నారు.

గిటారు ఇచ్చేముందు చిన్న కాగితం మీద నాలుగు వరుసలు రాసి, ప్రీయాంప్ మూత లోపల అంటించాను. పియెజో 800 పికోఫారాడ్లు, రెసిస్టెన్స్ ఓఎల్. బ్యాటరీ కరెంటు ప్లగ్గుతో 2 మిల్లీయాంపియర్లు, లేకుండా సున్నా. జాక్ బిగించేటప్పుడు రంధ్రంలో ఎలెన్ కీ పెట్టి పట్టుకోండి. పికప్ వైరుకు టంకం వేస్తే నల్ల పొర ఒలవండి. కింద తేదీ వేశాను.